ఎయిర్‌ఫైబర్ మొరాయిస్తే: రీసెట్ నొక్కే ముందు చూడాల్సినవి

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లో "నెట్ పోయింది" అన్న మాట వినపడగానే ఎవరో ఒకరు లేచి వెళ్లి స్విచ్ ఆపి మళ్లీ వేస్తారు. వస్తే సరే. రాకపోతే పిన్నీసు తెచ్చి రౌటర్ వెనకున్న చిన్న రంధ్రంలో గుచ్చుతారు. ఓ ఆదివారం సాయంత్రం మా బావమరిది సరిగ్గా ఆ పనే చేశాడు. వైఫై పేరు పోయింది, పాస్‌వర్డ్ పోయింది. టీవీ, రెండు కెమెరాలు, ఇంటిల్లిపాది ఫోన్లు మళ్లీ మొదటినుంచి కలుపుకోవాల్సి వచ్చింది. ఇంతా చేస్తే నెట్ మాత్రం రాలేదు. రాదు కూడా, ఎందుకంటే తప్పు ఆ డబ్బాలో లేదు, మేడమీద ఉంది.

జియో 2023 సెప్టెంబరులో ఎయిర్‌ఫైబర్‌ను ఎనిమిది నగరాల్లో మొదలుపెట్టినప్పుడు వాటిలో బెంగళూరు ఒకటి. ఎయిర్‌టెల్ కూడా తన దానికి అదే పేరు వాడుతుంది. పేరులో ఫైబర్ ఉన్నా ఇంటిదాకా వచ్చే ఫైబర్ ఏదీ లేదు. చాలా కనెక్షన్లలో లోపల సిమ్ ఉంటుంది, మీ ఫోన్ లాగే టవర్‌తో గాలిలో మాట్లాడుతుంది. తీగ లాగనివ్వని ఓనర్లున్న ఇళ్లకు, ఏడాదికోసారి ఇల్లు మారే మాలాంటి వాళ్లకు అదే దాని సుఖం. దాని కష్టాలన్నీ కూడా అక్కడే మొదలవుతాయి.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

టవర్ నుంచి మేడమీద బిగించిన యాంటెనా డబ్బాకు, అక్కడినుంచి తీగ గుండా ఇంట్లోని అడాప్టర్‌కు, దాన్నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి వైఫైగా మీ ఫోన్‌కు. నెట్ వచ్చే దారి ఇది. కొన్ని కనెక్షన్లలో మేడమీద ఏమీ ఉండదు, కిటికీ దగ్గర పెట్టే ఒక్క డబ్బాలోనే అన్నీ ఉంటాయి. ఏదైనా సరే, దారి ఎక్కడ తెగిందో ఐదు నిమిషాల్లో తెలుసుకోవచ్చు.

ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి వైఫై ఉంచండి. రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద 192.168 తో మొదలయ్యే అంకె ఉంటుంది, దాన్ని బ్రౌజర్‌లో కొట్టండి. రౌటర్ లాగిన్ పేజీ తెరుచుకుంటే ఇంట్లోని వైఫై బాగున్నట్టే, గొడవ రౌటర్‌కు అవతల ఉంది. ఆ పేజీ కూడా రాకపోతే గొడవ ఇంట్లోనే ఉంది. అప్పుడు ల్యాప్‌టాప్‌ను లాన్ తీగతో రౌటర్‌కు నేరుగా కలిపి చూడండి. తీగతో వచ్చి వైఫైలో రాకపోతే కింద వైఫై గురించి రాసింది చదవండి చాలు.

రెండో పరీక్ష ఇంకా తేలిక. ఇంట్లో ఎవరికైనా అదే కంపెనీ సిమ్ ఉంటే వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో ఏదైనా తెరిచి చూడండి. దానిలోనూ రాకపోతే టవర్‌కే ఏదో అయింది. మీ ఇంట్లో ఎన్ని తీగలు పీకి పెట్టినా లాభం లేదు, టీ పెట్టుకోండి. గంటల తరబడి కరెంటు లేకపోతే ఆ వీధి టవర్ బ్యాటరీ కూడా చేతులెత్తేస్తుంది.

కరెంటు, తీగలు

తప్పు రౌటర్‌కు అవతల ఉందని తేలాక అడాప్టర్‌ను చూడండి. మేడమీది డబ్బాకు వేరే కరెంటు తీగ ఉండదు, నెట్ వచ్చే తీగలోనే కరెంటు కూడా పోతుంది. అందుకే ఆ అడాప్టర్‌కు రెండు రంధ్రాలుంటాయి. పీఓఈ అని రాసింది మేడమీదికి, లాన్ అని రాసింది రౌటర్‌కు. ఇల్లు దులిపేటప్పుడు రెండూ ఊడి, తారుమారుగా దూర్చేసిన ఇళ్లు నేను చూశాను. లైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి, నెట్ ఉండదు. పీఓఈ రంధ్రంలో ల్యాప్‌టాప్‌ను మాత్రం ఎప్పుడూ కలపకండి.

తీగలు సరిగ్గానే ఉంటే ఇప్పుడు ఆపి మళ్లీ వేయండి, కానీ ఓ పద్ధతి ప్రకారం. అడాప్టర్, రౌటర్ రెండూ ప్లగ్ నుంచి పీకి ఒక నిమిషం ఆగండి. ముందు మేడమీది డబ్బా అడాప్టర్ పెట్టండి. అది టవర్‌ను వెతుక్కుని, సిమ్ చూపించి, లోపలికి రానిమ్మని అడగడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాతే రౌటర్ పెట్టండి. చాలామంది ఎర్ర లైటు చూసి రెండో నిమిషంలోనే మళ్లీ ఆపేస్తారు. పాపం ఆ డబ్బా ప్రతిసారీ మొదటికొస్తుంది.

పిన్నీసు జోలికి మాత్రం పోకండి. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రీసెట్ చేస్తే మీరు పెట్టుకున్నవన్నీ చెరిగిపోయి, పేరు, పాస్‌వర్డ్ స్టిక్కర్ మీదున్నవే మళ్లీ వస్తాయి. కస్టమర్ కేర్ వాళ్లు చెప్పి, ఫోన్లో మీతో ఉండి చేయిస్తే తప్ప దానితో పనిలేదు.

కరెంటు పోయినప్పుడల్లా నెట్ పోవడం గురించి ఒక్క మాట. ఆన్‌లైన్‌లో దొరికే మినీ యూపీఎస్ కొని, అయినా నెట్ రావడం లేదని తిట్టుకునేవాళ్లున్నారు. ఆ బుల్లి యూపీఎస్‌లు ఎక్కువగా 12 వోల్టులు ఇస్తాయి, రౌటర్‌కు అది సరిపోతుంది. మేడమీది డబ్బా అడాప్టర్‌కు చాలాసార్లు అంతకన్నా ఎక్కువ వోల్టులు కావాలి. అంటే రౌటర్ వెలుగుతుంది, యాంటెనా నిద్రపోతుంది. కొనేముందు రెండు అడాప్టర్ల మీదా ఎన్ని వోల్టులని రాసుందో చదవండి. ఇంట్లో ఇన్వర్టర్ పాయింటు ఉంటే రెండింటినీ దానికే పెట్టడం అన్నిటికన్నా మేలు.

మేడమీది లెక్క

కరెంటు, తీగలు, టవర్ అన్నీ బాగున్నా నెట్ నత్తనడక నడుస్తుంటే సిగ్నల్ చూడాలి. నాలుగు గీతల బొమ్మను నమ్మకండి. రౌటర్ పేజీలోనో కంపెనీ యాప్‌లోనో నెట్‌వర్క్ వివరాలు అన్న చోట రెండు అంకెలు దొరుకుతాయి.

మొదటిది ఆర్ఎస్ఆర్‌పీ, టవర్ నుంచి వచ్చే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పేది. ఇది మైనస్‌లో ఉంటుంది కాబట్టి అంకె పెద్దదైతే సిగ్నల్ చిన్నది. మైనస్ 80 కన్నా మెరుగ్గా, అంటే 75 అలా ఉంటే భేష్. 90 దాకా బాగున్నట్టే. 100 దాటితే తడబాటు, 110 దాటితే కష్టం. మైనస్ 80 నుంచి 90 కి పోయిందంటే కొంచెం తగ్గిందని కాదు, బలం పదో వంతుకు పడిపోయిందని అర్థం.

రెండోది ఎస్ఐఎన్ఆర్. పెళ్లి పందిట్లో పక్కనున్నాయన ఎంత గట్టిగా మాట్లాడినా బ్యాండు మేళం మోగుతుంటే వినపడదు కదా, ఆ సంగతిని చెప్పే అంకె ఇది. 20 దాటితే చాలా బాగు, 13 పైన ఫర్వాలేదు, సున్నాకు దిగితే చుట్టూ గోల ఎక్కువైందని. బెంగళూరులాంటి చోట ఒకే ఇంటికి మూడు వైపులా టవర్లుంటాయి. గీతలన్నీ నిండుగా కనిపిస్తూ నెట్ మాత్రం రాకపోవడానికి ఇదే పెద్ద కారణం.

వీలైతే బ్యాండ్, అంటే సిగ్నల్ ఏ ఫ్రీక్వెన్సీలో వస్తోందో, అది కూడా చూడండి. ఎన్78 అంటే 3500 మెగాహెర్ట్జ్ దగ్గరిది. వేగం బాగుంటుంది, గోడలంటే మాత్రం దానికి గిట్టదు. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్. గోడల్లోంచి దూరి చాలా దూరం వస్తుంది కానీ వేగం తక్కువ. నిన్నటిదాకా 78 చూపించి ఇవాళ 28 చూపిస్తుంటే, మధ్యలో ఏదో కొత్తగా అడ్డం వచ్చిందేమో చూడాలి.

మా ఇంట్లో జరిగింది అదే. ఒకప్పుడు మైనస్ 84 ఉండే సిగ్నల్ వర్షాకాలం అయ్యేసరికి 106 కు చేరింది. డబ్బా పాడైందనుకున్నాం. మేడెక్కి చూస్తే పక్క సైటు వాళ్లు రెండంతస్తుల మీద మూడోది లేపారు, పచ్చి స్లాబు, కింద ఇనప జాకీలు, అన్నీ మా యాంటెనాకు ఎదురుగా! ఈ ఊళ్లో ఏ ఏటికాయేడు ఎవరో ఒకరు అంతస్తు వేస్తూనే ఉంటారు. కాబట్టి బిగించిన రోజు బాగా వచ్చిందన్నది రేపటికి హామీ కాదు.

ఇంకా అడ్డొచ్చేవి చెప్తాను. మేడమీది నీళ్ల ట్యాంకు మొదటిది. నిండా నీళ్లున్న ట్యాంకు వెనక యాంటెనా పెట్టడమంటే గోడ వెనక పెట్టడమే, నీళ్లు సిగ్నల్‌ను తాగేస్తాయి. అదే కారణంతో వాన వెలిశాక తడిసిన చెట్టుకొమ్మలు కూడా. బట్టలారేసే ఇనప రేకుల షెడ్డు మరొకటి. కిటికీ దగ్గర పెట్టే డబ్బా అయితే, ఎండ రాకుండా లోహపు పూత వేసిన అద్దాలు అపార్ట్‌మెంట్లలో ఎక్కువ. తలుపు తెరిస్తే అంకె మెరుగై, మూస్తే పడిపోతే దొంగ దొరికినట్టే.

కిటికీ డబ్బాను మీరే జరిపి చూసుకోవచ్చు. ఒక కాగితం తీసుకోండి. హాలు కిటికీ, వంటింటి కిటికీ, బాల్కనీ, ఇలా నాలుగు చోట్ల పెట్టి, ప్రతిచోటా రెండు మూడు నిమిషాలు ఆగి, రెండు అంకెలూ వేగమూ రాసుకోండి. అడుగు దూరం జరిపినా తేడా వస్తుంది. రెండు చోట్లకు ఆర్ఎస్ఆర్‌పీ దాదాపు ఒకటే ఉంటే, ఎస్ఐఎన్ఆర్ ఎక్కడ ఎక్కువుందో అక్కడే ఉంచండి. మేడమీది డబ్బాను మాత్రం టెక్నీషియన్‌కే వదిలేయండి. పిట్టగోడ ఎక్కి పైపు తిప్పబోవడం, అందులోనూ ఉరుముల వేళ, ఏ నెట్ కోసమైనా తగని పని.

రాత్రిపూట మాత్రమే నెమ్మదిస్తే

పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి వేగం కొలవండి. అంకెలు రెండూ మారకుండా వేగం ఒక్కటే రాత్రి కుంగిపోతే అది రద్దీ. చుట్టూ పీజీ హాస్టళ్లున్న వీధుల్లో ఒకే టవర్‌ను అందరూ పంచుకుంటారు. దీనికి ఇంట్లో చేసే వైద్యం లేదు. పెద్ద డౌన్‌లోడ్లు తెల్లవారుజాముకు పెట్టుకోవడమే.

నెలాఖరులో రోజంతా నెమ్మదిగా ఉంటే ప్లాన్ చూడండి. అన్‌లిమిటెడ్ అంటూనే చాలా ప్లాన్లకు నెలకు 1000 జీబీ దగ్గర హద్దు ఉంటుంది, అది దాటితే వేగం బాగా తగ్గించేస్తారు. ఎంత వాడారో యాప్‌లో కనపడుతుంది. పగలూ రాత్రీ వీడియో పైకి పంపే కెమెరా ఉంటే సగం దోషి అదే.

ఇంట్లో వైఫై

రౌటర్‌ను టీవీ వెనకో, ఫ్రిజ్ పక్కనో, దేవుడి గూటి కింద అరలోనో దాచకండి. నడుమెత్తున, బయట కనపడేలా పెట్టండి. 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాలుంటాయి. ఒకే గదిలో ఉన్నప్పుడు 5, గోడ అవతల గదికి 2.4. రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టుకుంటే ఏ ఫోన్ దేన్ని పట్టుకుందో తెలుస్తుంది. అపార్ట్‌మెంటులో పొరుగు వైఫైలు పాతికుంటే 2.4 ఛానెల్‌ను 1, 6, 11 లలో ఖాళీగా ఉన్నదానికి మార్చండి.

ఆఫీసు వీపీఎన్, దూరం నుంచి చూసే కెమెరా

వీపీఎన్ అంటే ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారి. అది కలుస్తుంది, చాట్ వస్తుంది, కానీ పెద్ద ఫైలు తెరవబోతే తిరుగుతూనే ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు దీనితో వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. డేటా 1500 బైట్ల పొట్లాలుగా పోతుంది. మొబైల్ నెట్ దాని మీదో చుట్ట చుడుతుంది, వీపీఎన్ ఇంకోటి చుడుతుంది. పొట్లం దారికి మించి లావైతే మధ్యలోనే ఇరుక్కుంటుంది. ఆఫీసు ఐటీ వాళ్లను వీపీఎన్‌లో ఎంటీయూ విలువ, అంటే పొట్లం ఎంత లావుండొచ్చన్న హద్దు, 1350 కో 1300 కో తగ్గించమనండి. చాలాసార్లు అంతటితో తీరిపోతుంది.

డీవీఆర్ అనే రికార్డింగ్ డబ్బాకు కలిపిన పాత కెమెరాను ఊరి నుంచి చూడబోతే రాకపోవడం వేరే సంగతి. మొబైల్ నెట్‌లో ఒకే ఐపీ చిరునామాను, అంటే నెట్‌లో ఇంటి నంబరు లాంటిదాన్ని, వందల ఇళ్లకు పంచుతారు. రౌటర్ పేజీలో మీ బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ ఆ గుంపులోదే. బయటినుంచి నేరుగా లోపలికి దారి ఉండదు, బయటివాళ్లకు రౌటర్‌లో తలుపు తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. కెమెరా కంపెనీ యాప్ ద్వారా చూపించే కెమెరా పెట్టుకోవడమే తేలిక.

ఫిర్యాదు చేసేటప్పుడు

"నెట్ రావట్లేదండీ" అంటే "ఆపి మళ్లీ వేయండి సార్" అంటారు. అలా కాకుండా అంకెలతో మాట్లాడండి. ఏ తేదీ నుంచి, ఏ వేళల్లో, పాత ఆర్ఎస్ఆర్‌పీ ఎంత, ఇప్పుడెంత, లాన్ తీగతో కూడా చూశాను, అదే కంపెనీ ఫోన్లో ఇలా వచ్చింది, మేడకు ఎదురుగా ఫలానాది లేచింది. పేజీ ఫొటోలు తీసి పెట్టుకోండి. ఫిర్యాదు నంబరు రాసుకోకుండా ఫోన్ పెట్టకండి. నెట్ లేని రోజుల డబ్బు తగ్గించమని కూడా అడగండి. పని కాకపోతే అదే కంపెనీలో అప్పీలు విభాగం ఉంటుంది. ఆపైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

నేను మొదటి రెండుసార్లు ఉత్తచేతులతో ఫోన్ చేశాను, రెండుసార్లూ నాచేత ఆపి మళ్లీ వేయించారు. మూడోసారి 84, 106 అని చెప్పి పక్కింటి స్లాబు ఫొటో పంపితే మర్నాడే కుర్రాడొచ్చాడు. కింది వాటాలో ఉండే మా ఓనరాంటీ "మళ్లీ గోడకు రంధ్రాలేస్తారా ఏంటి?" అని అడుగుతూనే మేడ తాళం ఇచ్చింది. రంధ్రాలేమీ వేయలేదు. యాంటెనా పైపును ట్యాంకుకు ఇవతలి మూలకు మార్చి, వేరే టవర్ వైపు తిప్పి, మైనస్ 89 చూపించి వెళ్లాడు. మా బావమరిది చేతికి మాత్రం ఇంట్లో ఎవరూ పిన్నీసు ఇవ్వడం లేదు.