గది థర్మోస్టాట్: ముందు గోడ చూడండి, తర్వాతే మోడల్

ఇంటికి సెంట్రల్ హీటింగ్ ఉండి కూడా రాత్రి పడగ్గదిలో రెండు దుప్పట్లు కప్పుకోవాల్సి వస్తోందంటే ముందు అనుమానం నీళ్లు వేడిచేసి గదులకు పంపే బాయిలర్ మీదికే పోతుంది. మా ఇంట్లోనూ అంతే. మెకానిక్‌ని పిలిపించాం. బాయిలర్ బాగానే పనిచేస్తోందని చెప్పి వెళ్లాడు. తర్వాత ఒక సాయంత్రం హాల్లో కూర్చుని ఉంటే, గది వేడిని బట్టి బాయిలర్‌ని నడిపే, ఆపే థర్మోస్టాట్ మీద అంకె 19 నుంచి 21కి ఎక్కడం కనిపించింది. నేను కూర్చున్న చోట మాత్రం చలి చలిగానే ఉంది. లేచి వెళ్లి థర్మోస్టాట్ ఉన్న గోడకు అరచెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలింది. సరిగ్గా దాని కిందే టేబుల్ లాంప్, అందులో పాతకాలపు ఫిలమెంట్ బల్బు. ఆ వేడి పైకి లేచి థర్మోస్టాట్‌కి తగులుతోంది. ఇల్లు వెచ్చబడిందనుకుని అది బాయిలర్‌ని ఆపేస్తోంది. లాంప్‌ని అవతలి మూలకు జరిపాం. ఆ రాత్రే పడగ్గదిలో తేడా తెలిసింది.

థర్మోస్టాట్‌కి ఇల్లంతా తెలియదు. తన చుట్టూ జానెడు మేర ఉన్న గాలి ఎంత వెచ్చగా ఉందో అంతవరకే తెలుసు. అందుకే కొత్తది పెట్టించుకోవాలనుకుంటే ముందు చోటు తేల్చుకోండి, ఆ తర్వాత ఏది కొనాలో చూద్దాం.

1. గది ఎంచుకోండి

మీరు ఎక్కువసేపు గడిపే గది మంచిది. చాలా ఇళ్లలో అది హాలే. వైరు లాగడం సులువని కొందరు వీధి తలుపు పక్కన బిగించేస్తారు. తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి దూసుకొచ్చి దానికి తగులుతుంది, గదులన్నీ వెచ్చగా ఉన్నా బాయిలర్ ఆగదు. వంటగది అసలు వద్దు. పొయ్యి వెలిగించగానే అక్కడ వేడెక్కుతుంది, హీటింగ్ ఆగిపోయి మిగతా ఇల్లు చల్లబడుతుంది. విడిగా హీటర్ వాడే గదికీ, చలిమంట గూడు ఉన్న గదికీ ఇదే సమస్య.

గదిలో వేడినీళ్లు పారే రేడియేటర్లకు ఉండే థర్మోస్టాటిక్ వాల్వుల విషయంలో ఒక మెలిక ఉంది. గది వెచ్చబడితే అవి వాటంతట అవే మూసుకుంటాయి. థర్మోస్టాట్ ఉన్న గదిలోనే అలాంటి వాల్వు ఉండి, అది 19 దగ్గర మూసుకుపోతోందనుకోండి. థర్మోస్టాట్‌ని మీరు 21కి పెట్టారు. ఆ గది 21కి ఎప్పటికీ చేరదు, బాయిలర్ ఎప్పటికీ ఆగదు. కాబట్టి ఆ ఒక్క గదిలో వాల్వుని పూర్తిగా తెరిచి ఉంచండి. మిగతా గదుల్లో వాల్వులు ఉండటం మంచిదే. ‘వాల్వులు ఉన్నాయి కదా, ఇంక థర్మోస్టాట్ ఎందుకు?’ అని అడుగుతుంటారు. అన్ని వాల్వులూ మూసుకున్నా, ఇక చాలు అని బాయిలర్‌కి చెప్పేది ఒకటి ఉండాలి. అది థర్మోస్టాటే.

2. గోడ మీద చోటు చూడండి

బయటి గోడ చల్లగా ఉంటుంది కాబట్టి ఇంటి లోపలి గోడనే తీసుకోండి. నేల నుంచి 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తు సరిపోతుంది. చల్లగాలి నేలబారున, వెచ్చటి గాలి పైకప్పు దగ్గర చేరతాయి. ఈ ఎత్తులో ఉండేది మనుషులకు తగిలే గాలి. చుట్టూ గాలి ఆడాలి. కర్టెన్ వెనక, తలుపు రెక్క వెనక, పుస్తకాల అరలో పెడితే దాని లెక్క తప్పుతుంది. రేడియేటర్, టీవీ, లాంప్ దగ్గరలో ఉండకూడదు. ఆ గోడలోంచి వేడినీళ్ల పైపులు పోతున్నాయా, గోడ అవతల పొగగొట్టం ఉందా అన్నదీ కనుక్కోండి.

ఎండ విషయంలో చాలామంది పొరబడతారు. వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి ఆ గోడ మీద ఎండ పడకపోవచ్చు. చలికాలంలో సూర్యుడు కిందికి దిగి, ఎండ ఏటవాలుగా గది లోపలి గోడ దాకా వస్తుంది. హీటింగ్ వాడేది అప్పుడే.

3. మూడు రోజులు పరీక్షించండి

ఈ అడుగు దాటేయకండి. అనుకున్న చోట ఒక మామూలు థర్మామీటర్‌ని టేపుతో అతికించండి. ఇంకొకటి మీరు కూర్చునే కుర్చీ పక్కన పెట్టండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రెండింటి అంకెలూ రాసుకోండి. తేడా ఎప్పుడూ ఒకేలా, ఒక డిగ్రీ లోపు ఉంటే భయం లేదు, తర్వాత సర్దుకోవచ్చు. పొద్దున అరడిగ్రీ, సాయంత్రం మూడు డిగ్రీలు తేడా వస్తుంటే ఆ చోటు పనికిరాదు. ఎంత ఖరీదైన మోడల్ కొన్నా దాన్ని సరిచేయలేదు.

4. వైర్లు ఏం చెబుతున్నాయో చూడండి

కొనడానికి ముందే బాయిలర్ మాన్యువల్ తీయండి. ఉత్తర అమెరికా ఇళ్లలో ఎక్కువగా 24 వోల్టుల థర్మోస్టాట్లు ఉంటాయి. యూరప్‌లో 230 వోల్టులతో నడిచేవి మామూలు. ఒకదాని చోట ఇంకొకటి బిగిస్తే పరికరం కాలిపోవచ్చు, మనిషికీ ప్రమాదమే. పాతది విప్పాలంటే ముందు మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకుని, ఏ వైరు ఏ స్క్రూ కింద ఉందో ఫోటో తీసుకోండి. 230 వోల్టుల లైన్ అయితే ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. పాతదానిలో గాజు గొట్టం, అందులో వెండిలా మెరిసే ద్రవం కనిపిస్తే అది పాదరసం. చెత్తబుట్టలో వేయకూడదు, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వాలి.

5. ఇప్పుడు మోడల్

తిప్పే గుండ్రటి బిళ్ల ఉన్న పాత రకాల్లో చాలావాటికి లోపల రెండు లోహాలు అతికిన పట్టీ ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువగా, ఇంకొకటి తక్కువగా వ్యాకోచించి పట్టీ వంగుతుంది, స్విచ్ తెరుచుకుంటుంది. గది ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. అయినా పెద్దవాళ్లు సులువుగా వాడగలిగేది అదే. డిజిటల్ రకాలు అరడిగ్రీ తేడానీ పట్టుకుంటాయి. రోజూ ఒకే టైముకి ఇల్లు ఖాళీ అవుతుంటే ప్రోగ్రామ్ చేసుకునేది చాలు. రాకపోకలకు ఒక వేళంటూ లేనివాళ్లకు ఫోన్‌తో నడిచే స్మార్ట్ రకం పనికొస్తుంది, కానీ గోడ మీద చేత్తో కూడా మార్చగలిగేదే తీసుకోండి. 24 వోల్టుల వైరింగ్‌లో స్మార్ట్ రకాల్లో చాలావాటికి ఎప్పుడూ కరెంటు అందేలా సి వైరు అని అదనంగా ఒకటి కావాలి, అది ఉందో లేదో ముందే చూడండి.

మంచి గోడ దొరికింది గానీ అక్కడికి వైరు రావట్లేదా? వైర్‌లెస్ తీసుకోండి. దాని సంకేతాన్ని అందుకునే రిసీవర్ బాయిలర్ దగ్గర ఉంటుంది. గోడలు పగలగొట్టే పని లేదు.

నేల కింద వేడినీళ్ల పైపులున్న ఇంట్లో వేడి నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది, దానికి నేల సెన్సార్ కలిపే రకం అడగండి. బాయిలర్ బదులు, బయటి గాలిలోంచో నేలలోంచో వేడిని లాగి ఇంట్లోకి తెచ్చే హీట్ పంప్ ఉంటే దానికి సరిపడే థర్మోస్టాటే కొనాలి.

6. బిగించేటప్పుడు

వైరు వచ్చే రంధ్రాన్ని మూసేయండి. లాంప్ గొడవ తీరాక నేను మా థర్మోస్టాట్‌ని విప్పి, టిష్యూ పేపర్ సన్నగా చింపి ఆ రంధ్రం ముందు పట్టుకున్నాను. కాగితం రెపరెపలాడింది. గోడ లోపలి నుంచి చల్లగాలి నేరుగా సెన్సార్ మీదికి కొడుతోంది. కొంచెం పుట్టీతో పూడ్చేస్తే సరిపోయింది.

7. మొదటి వారం

19 దగ్గర మొదలుపెట్టండి. చలికాలంలో ఇంట్లో కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. పసిపిల్లలు, వృద్ధులు ఉంటే ఇంకొంచెం ఎక్కువ కావాలి. చలేస్తోందని ఒక్కసారిగా 30కి తిప్పకండి. మామూలు థర్మోస్టాట్ ఒక స్విచ్, 30 పెట్టినా గది 20కి చేరే వేగం మారదు, తర్వాత ఆపడం మర్చిపోతాం అంతే. ఊరెళ్తూ గడ్డకట్టే చలిలో హీటింగ్‌ని పూర్తిగా ఆపేయకూడదు, పైపులు పగలొచ్చు. చాలావాటిలో సుమారు 5 డిగ్రీల దగ్గర ఉంచే సెట్టింగ్ అందుకే ఉంటుంది.

కుర్చీ పక్కన పెట్టిన థర్మామీటర్‌ని ఈ వారమంతా తీయకండి. థర్మోస్టాట్ 20 అని చూపిస్తున్నప్పుడు అది ప్రతిసారీ 19 అంటుంటే, డిజిటల్ రకాల్లో చాలావాటికి సెట్టింగ్స్‌లో ఆ ఒక్క డిగ్రీ సర్దుకునే వీలుంటుంది.