స్టెప్నీ వేశాక నట్లు లూజవకుండా

పార్వతీపురం నుంచి రాయగడ వస్తుంటే పంక్చరై స్టెప్నీ నేనే వేసుకున్నా, కొంచెం దూరం పోయేసరికి చక్రం దగ్గర టక్ టక్‌మని చప్పుడు, దిగి చూస్తే రెండు నట్లు లూజు. అప్పట్నించి ఇలా చేస్తున్నా. నట్లన్నీ ముందు చేత్తోనే ఎక్కించాలి, పానాతో మొదలెడితే మర పోద్ది. జాకీ మీద ఉండగా చక్రం కదలనంత వరకే బిగించి, బండి కిందకి దించాక అసలు బిగింపు, అదీ వరసగా కాదు, 4 నట్లయితే ఎదురెదురుగా, 5 అయితే ఒకటి వదిలి ఒకటి. ఎంత బలంగా బిగించాలన్న లెక్క (టార్క్) చిన్న కార్లకి చాలావాటికి 100 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటది, మీ బండి లెక్క మాన్యువల్లో చూస్కోండి. పానా మీదెక్కి మాత్రం తొక్కకండి, స్టడ్డు, అంటే నట్టు ఎక్కే బోల్టు, సాగిపోద్ది. 80, 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి పానా వేసి చూడాలి. చక్రం ఆనే చోట తుప్పో మట్టో ఉందంటే ఇవన్నీ చేసినా మళ్ళీ లూజవుద్ది, అందుకే ముందే తుప్పుంటే గీకేసి గుడ్డతో తుడిచేయండి.