సంక్రాంతి సందడిలో మళ్లీ మాట కలిపాను

రెండేళ్ల క్రితం భోగి ముందురోజు అరిసెలు వండుతుంటే కోడలు "అత్తయ్యా, పాకం చూడండి" అంది. నాకు "పాపను చూడండి" అని వినిపించింది. ఉయ్యాల దగ్గరికి వెళ్లాను. పాకం ముదిరిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు కానీ, ఆ పండగంతా నేను గదిలోనే ఉండిపోయాను.

వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేవి సన్నని, కీచు శబ్దాలట. అచ్చులు తెలుస్తాయి, క, త, స వంటి హల్లులు జారిపోతాయి. అందుకే గట్టిగా అరిచినా లాభం లేదు. వినికిడి యంత్రం పెట్టుకున్నా గిన్నెల చప్పుడూ పెరుగుతుంది.

నిరుడు పద్ధతి మార్చాను. హాలులో మూలగా, గోడకు వీపు ఆనించి, మాట్లాడేవాళ్ల ముఖాల మీద కిటికీ వెలుగు పడేలా కూర్చున్నాను. భోజనాల వేళ టీవీ కట్టేయమన్నాను. అడగడానికి మొహమాటపడ్డాను, ఎందుకు పడ్డానో! "ఏమన్నావు?" అనడం మానేసి, "విజయవాడ అన్నావు, ఎప్పుడు వెళ్తున్నావు?" అని విన్నంత చెప్పి మిగతాది అడిగాను. అలసట వస్తే పావుగంట పెరట్లో కూర్చున్నాను.

కనుమ నాడు మనవరాలు నా చెయ్యి తట్టి, నేను తిరిగి చూసేదాకా ఆగి, మెల్లగా అడిగింది: "నానమ్మా, గారెల పిండిలో అల్లం వేశావా?"

వేశానని చెప్పాను.