వాయుగుండం పట్టకముందే మన కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి

సెప్టెంబరు సగమైంది. మిగతా రాష్ట్రానికి వానలు వెనకబడుతుంటే మనకు ముందున్నాయి. నెల్లూరు తీరానికి ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల్లోనే కురుస్తుంది, అదీ వాయుగుండాల వెంట. ఇంటి పైకప్పు, పొలం మోటారు, రొయ్యల చెరువు గట్టు ముందే చూసుకుంటాం. నాలుగూళ్ల వాళ్లు కలిసి కంప్యూటర్ల మీద చేసుకునే పని మాత్రం కరెంటు పోయాకే గుర్తొస్తుంది. ఈ జాగ్రత్తలు ఆ పని కోసం.

మేం ఏడిళ్ల వాళ్లం. కోవూరు, అల్లూరు, కావలి, ఉలవపాడు, సింగరాయకొండల్లో ఉంటాం. ఎవరి మిద్దె మీద వాళ్లు రోజూ వాన కొలిచి రాస్తాం. చెరువులు, వాగులు నిండినప్పుడు ఫొటోలు తీసి, వాటిని అతికించి పటాలు చేస్తాం. అతికించడం కంప్యూటరుకు బరువైన పని. ఒక్క మెషిన్ మీద వేస్తే రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది, ఏడింటికీ పంచితే అన్నాల వేళకు అయిపోతుంది.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి తెగింది. అప్పటికి మా పని మొత్తం కోవూరులో ఒకే ఇంట్లో, ఒకే కంప్యూటరులో ఉండేది. మిగతా ఆరుగురం దానికి పంపడమే తప్ప మా దగ్గర ఏమీ ఉంచుకోలేదు. ఆ ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. మనుషులు క్షేమంగా బయటపడ్డారు. మూడేళ్ల వానలెక్క మాత్రం పోయింది. ఫొటోలు కొన్ని ఫోన్లలో దొరికాయి గానీ లెక్క దొరకలేదు. ఆ తర్వాతే పీర్ టు పీర్ వైపు వచ్చాం.

పీర్ టు పీర్ అంటే నడుమ పెద్ద కంప్యూటరు లేకుండా, ఉన్నవన్నీ సమాన హోదాలో ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకోవడం. నలుగురి కంప్యూటర్లూ కలిసి పనిచేసేదంతా పీర్ టు పీర్ అనుకోకూడదు. 1999 మేలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన సెటి ఎట్ హోమ్‌లో ప్రపంచమంతా ఇళ్లలోని కంప్యూటర్లు ఆకాశం నుంచి వచ్చిన రేడియో సంకేతాల్లో గ్రహాంతర జీవుల జాడ వెతికాయి. అయితే పని ముక్కలు పంచేది, జవాబులు తీసుకునేది బర్క్‌లీ ఒక్కటే. 2020 మార్చి 31న అక్కడ కొత్త ముక్కలు పంచడం ఆపగానే అందరి దగ్గరా ఆ పని ఆగింది. 2001లో వచ్చిన బిట్‌టోరెంట్ దారి వేరు. ఫైలు ముక్కలు ఎవరి దగ్గరుంటే వాళ్లే పక్కవాళ్లకిస్తారు, అందిన ప్రతి ముక్కనూ దాని హ్యాష్‌తో, అంటే ఆ ముక్క నుంచి లెక్కగట్టిన వేలిముద్రలాంటి గుర్తుతో, సరిచూసుకుంటారు. ఇచ్చేవాళ్లలో ఇద్దరు మధ్యలో మాయమైనా పని సాగుతుంది. తుపాను రోజుల్లో మనకు కావలసిన గుణం ఇదే.

ఫోల్డర్లను అన్ని మెషిన్లలో ఒకేలా ఉంచడానికి సింక్‌థింగ్, రాసే లెక్కల్లో ప్రతి మార్పు చరిత్రనూ దాచడానికి గిట్ అనే సాఫ్ట్‌వేర్లు వాడుతున్నాం. రెండూ ఉచితం. మీరు వేరేవి వాడినా కింది జాగ్రత్తల్లో చాలా భాగం వర్తిస్తాయి.

పరిచయాలు ఇప్పుడే

సింక్‌థింగ్‌లో ప్రతి మెషిన్‌కూ పొడవాటి గుర్తింపు ఉంటుంది, ఏడేసి అక్షరాల ఎనిమిది గుంపులు. రెండు వైపులా ఒకరి గుర్తింపు ఒకరు ఎక్కించుకుని ఒప్పుకుంటేనే మాట్లాడుకుంటాయి. నెట్ ఉండగానే ఈ పని ముగించండి. మొదటిసారి పెద్ద ఫోల్డరు మొత్తం పారడానికి మాకు రెండు రోజులు పట్టింది. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ ఫైళ్లు కూడా ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి. పాత లాప్‌టాప్ బయటికి తీసినప్పుడు డౌన్‌లోడ్ చేసుకోవడానికి నెట్ ఉంటుందన్న నమ్మకం లేదు.

బయటి ఫైబర్ తెగినా, ఇంట్లో రౌటర్‌కు కరెంటు ఉంటే ఆ ఇంట్లోనూ, వైఫై అందే పక్కింట్లోనూ ఉన్న మెషిన్లు ఒకదాన్నొకటి కనుక్కుంటాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇది చాలామందికి తెలియక, నెట్ పోయిందని రౌటర్ కూడా ఆపేస్తారు. అయితే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ మీద ఉన్నా, ఏపీ ఐసోలేషన్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా మెషిన్లు ఒకదానికొకటి కనబడవు. విండోస్‌లో మన వైఫైని పబ్లిక్ అని పెట్టి ఉంటే ఫైర్‌వాల్ అడ్డుపడొచ్చు, ప్రైవేట్‌కు మార్చండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చే పద్ధతి ఒక్కటే. ఒక సాయంత్రం ఫైబర్ తీగ మీరే పీకేసి, ఒక మెషిన్‌లో చిన్న ఫైలు రాసి, అది రెండోదానికి చేరిందా అని చూడండి. మా ఏడిళ్లలో పోయినేడు రెండిళ్లలో చేరలేదు. ఎండ కాస్తున్న రోజు కాబట్టి కూర్చుని సరిచేసుకున్నాం.

అన్నిచోట్లా ఉంది కదా అని నిబ్బరంగా ఉండొద్దు

ఈ మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం ఇది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు రెండు మూడు రోజులు నెల్లూరును ముంచెత్తింది. ఈసారి మా ఫోల్డరు ఏడిళ్లలోనూ ఉంది, ఏ ఇల్లు మునిగినా పోయేదేం లేదని ధీమాగా ఉన్నాం. మాలో ఒకతనికి ఫోన్‌లో జాగా చాల్లేదు. నీళ్ల ఫొటోలు తీయాలని పాత ఫొటోల ఫోల్డరు చెరిపేశాడు. ఆ ఫోల్డరు సింక్‌లో ఉంది. తుడిచివేత కూడా ఒక మార్పే కదా, నెట్ ఉన్న నాలుగిళ్లకూ నిమిషాల్లో పాకింది. "అన్నా, నా మెషిన్‌లో పోయినేటి ఫొటోలు లేవే, నీ దగ్గర చూడు" అని అల్లూరు నుంచి ఫోన్ వచ్చేసరికి నా దగ్గరా లేవు. ఆ రోజు కరెంటు లేక ఆగిపోయి ఉన్న ఉలవపాడు మెషిన్ మమ్మల్ని కాపాడింది. కరెంటు వచ్చినా నెట్‌కు కలపొద్దని చెప్పి, హార్డ్ డిస్కులోకి తీయించాం.

సింక్ అంటే అందరి దగ్గరా ఒకేలా ఉంచడం. తప్పు జరిగితే ఆ తప్పునూ అందరి దగ్గరా ఒకేలా ఉంచుతుంది. ఫోల్డరును రిసీవ్ ఓన్లీగా పెట్టుకుంటే చాలని కొందరంటారు. చాలదు. ఆ మెషిన్ తన మార్పుల్ని బయటికి పంపదంతే, బయటి నుంచి వచ్చే తుడిచివేతను మాత్రం తీసుకుంటుంది.

కాబట్టి ఫైల్ వర్షనింగ్ ఆన్ చేయండి. మీరు ఎంచుకుంటే తప్ప అది పనిచేయదు. ఆన్ చేశాక, పక్క మెషిన్ నుంచి మార్పో తుడిచివేతో వస్తే పాత ఫైలును పక్కన దాస్తుంది. ఇక్కడొక కిటుకు గమనించాలి. మీ చేత్తో మీరు చెరిపింది మీ మెషిన్‌లో దాగదు, ఎదుటివాళ్ల మెషిన్లలో దాగుతుంది. అందుకని ఒక్కరు కాదు, అందరూ ఆన్ చేసుకోవాలి. దీనితోపాటు వారానికోసారి ఒక హార్డ్ డిస్కులోకి కాపీ తీసి, తీగ పీకేసి, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి అటక మీద పెట్టండి. దేనికీ తగిలించకుండా ఉన్న కాపీనే నిజమైన బ్యాకప్.

గడియారం, ఫైలుకు ఒక్క చేయి

ఇద్దరు నెట్ లేని సమయంలో ఒకే ఫైలును మార్చారనుకోండి. మళ్లీ కలిసినప్పుడు సింక్‌థింగ్ ఆ రెంటినీ కలిపి రాయదు. తేదీ పాతదిగా ఉన్నదానికి సింక్ కాన్‌ఫ్లిక్ట్ అని పేరు తగిలించి పక్కన ఉంచుతుంది. మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీ అయిపోయిన పాత డెస్క్‌టాప్ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏళ్లు వెనక్కి పోతుంది. నెట్ లేకపోతే తేదీ తనంతట తాను సరిచేసుకోలేదు. అప్పుడు అసలైన కొత్త రాత పాతదై పక్కకు పోతుంది. ఆ బ్యాటరీ పేరు సీఆర్ 2032, తక్కువ ఖరీదుదే. ఈ నెల్లోనే మార్చేయండి.

ఇంకా మేలైన పద్ధతి, ఒక ఫైల్లో ఒక్కరే రాయడం. మా వానలెక్క ఇప్పుడు ఒకే ఎక్సెల్ షీటు కాదు, ఇంటికొక సీఎస్వీ ఫైలు, అంటే అంకెల మధ్య కామాలు పెట్టి రాసే సాదా ఫైలు. కలిపి చూసుకునే పని కంప్యూటరుకు వదిలేశాం. గిట్‌కూ సాదా అక్షరాల ఫైళ్లే నప్పుతాయి, వరస వరసగా పోల్చి కలపగలదు. మామూలుగా తీసుకున్న ప్రతి గిట్ కాపీలోనూ మొదటి నుంచీ జరిగిన చరిత్ర అంతా ఉంటుంది కాబట్టి, ఒక ఇల్లు మిగిలినా అంతా మిగిలినట్టే.

పని చిన్న ముక్కలుగా

బరువైన పనిని పంచేటప్పుడు ముక్క చిన్నదిగా ఉండాలి. మేం మొదట ఇంటికొక పెద్ద ముక్క ఇచ్చాం. ఆరు గంటలు తిరిగాక కరెంటు పోతే ఆరు గంటలూ వృథా. ఇప్పుడు ఏ ముక్కయినా అరగంటలో అయ్యేలా కోస్తున్నాం. ఏ ముక్క ఎవరు తీసుకున్నారన్నది ఎవరి ఫైల్లో వాళ్లు ఒక వరస రాస్తారు. రోజు గడిచినా జవాబు రాకపోతే ఇంకొకరు తీసుకుంటారు. పదింటిలో ఒక ముక్కను కావాలనే ఇద్దరికి ఇస్తాం. జవాబులు కలవకపోతే ఏదో మెషిన్ వేడెక్కో, ర్యామ్ పాడయ్యో తప్పు చేస్తున్నట్టు. సెటి ఎట్ హోమ్ కూడా ఒకే ముక్కను ఒకరికి మించి ఇచ్చి పోల్చుకునేది.

వాయుగుండం హెచ్చరిక రాగానే బరువు పనులు ఆపేయండి. ఇన్వర్టర్ ముందు ఫ్యానుకి, దీపానికి, ఫోన్లకి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 1800 వాట్-అవర్లు. చేతికందేది అంతకన్నా బాగా తక్కువ. డెస్క్‌టాప్ వంద వాట్లు దాటి తాగుతుంది, రౌటర్ పది దగ్గర సరిపెట్టుకుంటుంది. డెస్క్‌టాప్ ఆపి రౌటర్, ఒక లాప్‌టాప్ ఉంచండి.

టవర్లు కూడా పడిపోతే

ఊరికీ ఊరికీ మధ్య నెట్ లేనప్పుడు మనిషే తీగ. రోడ్డు తెరిచాక కావలి నుంచి అల్లూరు వెళ్లేవాళ్ల సంచిలో పెన్ డ్రైవ్ వేస్తాం. గిట్‌లో బండిల్ అనే ఆదేశంతో లెక్క, చరిత్ర మొత్తం ఒకే ఫైలుగా మూట కట్టొచ్చు. మూట విప్పే ఆదేశం కాగితం మీద రాసి దానితో పంపండి. అవతల ఉన్నది పెద్దాయనైతే "బాబాయ్, ఈ రెండు వరసలు ఇట్నే కొట్టు" అని చెప్పి పంపితే చాలు. నీళ్లు పారుతున్న కల్వర్టు మీద మాత్రం ఏ లెక్క కోసమూ ఎవరినీ పంపకండి. మేం అడగం, వాళ్లు బయల్దేరినా ఆపుతాం.

ఒకసారి నలుగురి మెషిన్లలోకి వెళ్లినదాన్ని వెనక్కి తీసుకోలేం. అందుకని ఆధార్ కాపీలు, నష్టపరిహారం దరఖాస్తుల్లో జనం ఫోన్ నంబర్లు ఈ ఫోల్డర్లో వేయనివ్వం.

వాన వెలిశాక తడిసిన మెషిన్‌ను ఆన్ చేయకండి, డిస్కు విప్పి తెలిసినవాళ్లకు చూపించండి. పొడిగా ఉన్నవాటిని కూడా అన్నీ ఒకేసారి నెట్‌కు కలపొద్దు. ముందు ప్రతి ఇంట్లో ఫోల్డరును అక్కడే ఇంకో పేరుతో కాపీ చేసుకోవాలి. తర్వాత ఒక్కొక్కటిగా కలపాలి. ఒకటి పూర్తయి, కాన్‌ఫ్లిక్ట్ పేరుతో ఏమైనా మిగిలిందా అని చూసుకున్నాకే రెండోది. మా వరస దక్షిణం నుంచి ఉత్తరానికి, కోవూరు ముందు, సింగరాయకొండ చివర. ఆ వరస కాగితం ఏడిళ్లలోనూ ఇన్వర్టర్ పైన గోడకు అంటించి ఉంది.