మాగ్నెటిక్ మ్యాప్‌లో ఎర్రగా ఉన్నచోట తవ్వితే ఉత్త మట్టే వస్తోందా?

హైదరాబాద్‌లో అజామాబాద్, సనత్‌నగర్ లాంటి పాత ఇండస్ట్రియల్ ఏరియాల్లో షెడ్డు కూల్చేశాక కూడా కింద బాయిలర్ పునాదో, ఆయిల్ ట్యాంకో మిగిలిపోయి ఉండొచ్చు, పైన చూస్తే సర్కారు తుమ్మ తప్ప ఏం కనపడదు. తవ్వకముందే పట్టుకుందామని మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) లాంటి వాటితో సర్వే పెట్టిస్తాం, అక్కడ్నుంచి తిప్పలు మొదలు. మ్యాప్‌లో క్షేత్రం ఎక్కువున్నచోటు (ప్లస్) ఎరుపు, తక్కువున్నచోటు (మైనస్) నీలం.

సమస్య: ఎర్ర మచ్చ మీద తవ్వితే ఖాళీ

ఇందులో నేనూ పడ్డా. ఒక మూతపడ్డ ఫ్యాక్టరీలో మధ్యాహ్నం దాకా జేసీబీ పెట్టి ఆరడుగులు దిగాం, వచ్చిందంతా మొరమే. డ్రైవర్ బీడీ ముట్టించుకుని "గంటల లెక్క నడుస్తనే ఉంది సార్, ఇంకా తవ్వాల్నా" అన్నాడు.

కారణం: మనం చూసి నేర్చుకున్న బొమ్మలు ఎక్కువగా యూరప్‌వి. అక్కడ భూమి అయస్కాంత క్షేత్రం చాలావరకు నిటారుగా లోపలికి దిగుతుంది, అందుకే ప్లస్ దాదాపు వస్తువు నెత్తిమీదే కూర్చుంటుంది. హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం మీద, ఇక్కడ క్షేత్రం బాగా వాలి ఉంటుంది కాబట్టి ప్లస్ దక్షిణానికి జరిగిపోయి, వస్తువు మీదకి మైనస్ వస్తుంది.

ఏం చేయాలి: ఎరుపు ఒక్కటే చూడకండి, దాని ఉత్తరాన ఉన్న నీలాన్ని కూడా కలిపి జంటగా చూడండి, గుంత నీలం మచ్చలో, ఎరుపు వైపు అంచుకి దగ్గరగా పెట్టండి. మేం రెండు మీటర్లు ఉత్తరానికి జరిగాకే ట్యాంకు మూత టంగుమంది. కాకపోతే కొలిమి ఇటుకలకీ పాత ఇనుముకీ సొంత అయస్కాంతత్వం ఉంటుంది, జంట ఉత్తర-దక్షిణంగా కాకుండా వంకరగా పడితే ఈ కిటుకు నమ్మొద్దు, జీపీఆర్‌తో (నేలలోకి రాడార్ తరంగాలు పంపి చూసే పరికరం) ఇంకోసారి చూసుకోవాల్సిందే. అన్నట్టు, మాగ్నెటోమీటర్ పట్టుకుని నడిచేవాళ్ల జేబులో ఫోను, నడుముకి బెల్టు బకిల్ ఉన్నాయేమో ముందే తీయించండి.

సమస్య: జీపీఆర్‌లో మీటరు కింద అంతా బూడిద రంగే

కారణం నల్లరేగడి, లేదా తడిసిన బాయిలర్ బూడిద. కరెంటు బాగా పారే నేల రాడార్‌ని మింగేస్తుంది, యాంటెన్నా మార్చినా పెద్ద తేడా రాదు, రెసిస్టివిటీకి (నేలలోకి కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలిచే పద్ధతి) పొండి.

సమస్య: జీపీఆర్ బొమ్మలో లోతున పెద్ద పెద్ద గొడుగులు (గొడుగులా వంగిన గీతలు), తవ్వితే ఏం లేదు

ఆ గొడుగు వంపుని బట్టి సిగ్నల్ వేగం కట్టి చూడండి. నానోసెకనుకి 0.3 మీటర్లు వస్తే అది గాలిలో వేగం, నేలలో సిగ్నల్ అంత స్పీడుగా పోదు, అంటే పైనున్న కరెంటు తీగో పక్కన ఆపిన లారీయో అన్నమాట. లోతు లెక్క కూడా వేగం మీదే ఆధారం: 20 నానోసెకన్ల దగ్గర (ఇది సిగ్నల్ పోయి తిరిగొచ్చే సమయం, అందుకే సగం చేయాలి) కనపడ్డది, పొడి మొరంలో వేగం 0.1 అనుకుంటే మీటరు లోతు, వానలకి నేల నాని 0.06కి పడిపోతే 60 సెంటీమీటర్లే.

సమస్య: రెసిస్టివిటీలో గట్టి పునాదిలా కనపడుతోంది

ఎండాకాలంలో అయితే ముందు ఎలక్ట్రోడ్ల (నేలలో దిగేసిన కడ్డీల) దగ్గర ఉప్పునీళ్లు పోయించండి, ఎండిన మొరంలో కాంటాక్ట్ దొరక్క రీడింగులు పిచ్చిపిచ్చిగా వస్తాయి. అప్పటికీ కనపడితే పక్కన రెండు మీటర్ల దూరంలో ఇంకో లైను, దాని పక్కన మరొకటి వేయండి. మన ఊరి నేలంతా గ్రానైటే కదా, మొరం లోపల మిగిలిపోయిన గుండురాయి కూడా అచ్చం పునాదిలాగే చూపిస్తుంది, గోడైతే లైను లైనుకీ తిన్నగా సాగుతుంది, గుండైతే రెండో లైనులోనే మాయం.