అమ్మ బీరువాలోంచి రెట్రో లుక్: పాత చీర, బుట్ట చేతులు, బెల్ బాటం ఎలా సెట్ చేస్కోవాలి

ఈమధ్య సంగీత్‌కైనా కాలేజీ బ్యాచ్ రీయూనియన్‌కైనా గ్రూపులో "రెట్రో థీమ్" అని ఒక మెసేజ్ పడేస్తున్నారు, అంతే, అందరూ ఆన్‌లైన్‌లో చుక్కల చీర ఒకటి, ప్లాస్టిక్ పెద్ద కళ్ళద్దాలు ఒకటి ఆర్డర్ పెట్టేస్తారు, తీరా ఫోటోల్లో చూస్తే ఎల్‌కేజీ పిల్లల ఫ్యాన్సీ డ్రెస్ పోటీలా ఉంటుంది. అసలు సరుకేమో ఇంట్లోనే బీరువా అడుగున కలరా ఉండల వాసనేస్తూ పడుంటుంది. దాన్ని తీసి సరిగ్గా కుట్టించుకుంటే చాలు, కొత్తగా కొనాల్సింది పెద్దగా ఉండదు.

ముందు ఏ కాలమో ఒకటి ఫిక్స్ అవ్వండి. అన్నీ కలిపేస్తేనే తేడా కొడుతుంది. 70లంటే వాణిశ్రీ కొప్పు, బెల్ బాటం, చొక్కాకి భుజాల దాకా పాకే కాలరు. 80లంటే బుట్ట చేతులు, షిఫాను, నైలెక్స్ చీరలు. 90లకొచ్చేసరికి బ్యాగీ ప్యాంట్లు, మోచేతి దాకా జాకెట్టు చేతులు, స్టిక్కర్ బొట్లు. కొప్పు 70లది, చేతులు 80లవి, బొట్టు 90లది పెట్టుకుంటే ఇంట్లో పెద్దవాళ్ళు చూడగానే నవ్వేస్తారు, వాళ్ళకి తెలిసిపోతుంది మరి.

తర్వాత పాత ఆల్బం తియ్యండి. రంగులు మాత్రం ఫోటో చూసి నమ్మొద్దు, ఆనాటి కలర్ ఫోటోలు ఏళ్ళ తరబడి ఉంటే నీలం వెలిసిపోయి మొత్తం ఎర్రగా తిరిగిపోతాయి, అందులో ఇటుక రంగులో కనపడే చీర అసలు ఏ వంకాయ రంగో అయ్యుంటుంది. ఆ చీర మీది జాకెట్టు ఇంకా ఉంటే లోపలివైపు తిప్పి కుట్టు మడతల్లో చూడండి, వెలుతురు తగలని చోట అసలు రంగు అలాగే ఉంటుంది. టైలర్‌కి ఆ ముక్కే చూపించండి.

ఇప్పుడు చీర. పట్టు చీరైతే తీసిన వెంటనే కట్టేస్కోవద్దు. నీడలో, గాలి తగిలే చోట ఒకట్రెండు రోజులు ఆరేస్తే వాసన పోతుంది, ఎండలో మాత్రం వద్దు. తర్వాత కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకుని మడతలున్న గీతల వెంట చూడండి. పాత పట్టు ఎప్పుడూ మడత దగ్గరే ముందు పిగులుతుంది, ఎందుకంటే ఏళ్ళ తరబడి అదే గీత మీద మడత పడుంటుంది కదా. రెండు బొటనవేళ్ళతో మడతకి అటూ ఇటూ పట్టుకుని మెల్లగా లాగండి, దారాలు విడిపోతున్నట్టు అనిపిస్తే ఆ చీర కట్టుకునే స్థితిలో లేదు, కుచ్చిళ్ళు దోపేటప్పుడే చిరిగిపోతుంది. ఒకట్రెండు చిన్న చిల్లులైతే రఫ్ఫు చేయించొచ్చు, అక్కడక్కడా పలచబడితే వెనక నెట్ వేయిస్తారు. మొత్తం పిగిలిపోతే గట్టిగా ఉన్న ముక్కలు చూసి జాకెట్టుకి వాడుకోవడం మంచిది. గద్వాల చీరల్లో ఎక్కువగా ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు, కాబట్టి ఒళ్ళు చిరిగినా అంచు గట్టిగానే ఉండొచ్చు, అంచు విప్పి కొత్త బట్టకి వేయించుకోవచ్చు.

జరీ నల్లబడింది కదాని చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్ లాంటి ప్రయోగాలు చెయ్యొద్దు. పాత జరీలో వెండి ఉంటుంది, వెండి నల్లబడుతుంది, అంతే. నన్నడిగితే ఆ కాస్త నలుపే అందం. ఇస్త్రీ తిరగేసి, పైన పల్చటి నూలు గుడ్డ వేసి చెయ్యండి, సెంటు జరీ మీద పడకుండా చూస్కోండి. వీధిలో "పాత పట్టు చీరలు కొంటాం" అని అరుచుకుంటూ వచ్చేవాళ్ళకి మాత్రం ఇవ్వకండి, వాళ్ళకి కావాల్సింది ఆ వెండే, మీ చీర కాదు.

లుక్ మొత్తం నిలబడేదీ పడిపోయేదీ జాకెట్టు దగ్గరే, ఇక్కడ కొంచెం మొండిగా ఉండాలి. ఇప్పటి టైలర్లు బుట్ట చేతులు అనగానే వీపంతా దించేసి, డోరీలు కట్టి, దానికి రెండు లట్కన్లు వేలాడదీసి ఇస్తారు. ఆ రోజుల్లో మామూలుగా కుట్టించుకునే జాకెట్లకి వీపు పైకి ఉండేది, ముందు హుక్సులు, కప్పులు లేవు. చెయ్యి పైభాగం మామూలు కొలత కంటే అంగుళంన్నర, రెండంగుళాలు ఎత్తు పెంచి కట్ చెయ్యమనండి, కుచ్చులన్నీ భుజం పైనే రావాలి, చంక కిందకి వెళ్ళాయంటే చెయ్యి ఉబ్బినట్టుంటుంది. కింద సన్న పట్టీ, చేతికి అతుక్కునేలా. బట్ట మెత్తగా ఉంటే లోపల నెట్ ముక్క వేయమనండి, లేకపోతే గంటలో బుట్ట కాస్తా వాలిపోతుంది. అమ్మ పాత జాకెట్టే సరిపోతుందేమో కూడా చూడండి, అప్పట్లో పక్కల లోపల కుట్టు బాగా వదిలేవాళ్ళు, విప్పితే కాస్త వదులవుతుంది. అప్పుడు పాత కుట్టు గీత బయటికి కనపడుతుంది, కనపడనివ్వండి. చీర కింద షేప్‌వేర్ వద్దు, బొందు లంగానే వేస్కోండి, కుచ్చిళ్ళు పడే తీరే మారిపోతుంది.

పట్టు చీరతో లంగా ఓణీ చేయించాలనుకుంటే చీర వెడల్పే లంగా పొడవవుతుంది, కింది అంచు అలాగే ఉంచి పైన మిగిలేది కట్ చేయిస్తారు. ఆ పై అంచు పారేయొద్దు, జాకెట్టు చేతులకి వస్తుంది. కానీ బాగున్న చీరని కోసే ముందు ఒకసారి అమ్మనడగండి, ఎవరి పెళ్ళిదో ఏమిటో.

మగాళ్ళ సంగతి తేలికే. బెల్ బాటం నడుం దగ్గర పైకి, తొడల దగ్గర బిగుతుగా, మోకాలి దగ్గర్నుంచి తెరుచుకోవాలి, అంచు బూటుని కప్పెయ్యాలి. "రోడ్లు ఊడ్చే ప్యాంటు" అని ఊరికే అన్నారా. నాన్నగారి టెరిలిన్ (అంటే పాలిస్టర్) చొక్కా దొరికితే ఇస్త్రీ పెట్టె బాగా తక్కువ వేడి మీదే పెట్టండి, కాస్త ఎక్కువైందంటే బట్ట కరిగి అతుక్కుపోతుంది. గాలాడదు, చెమటలు కారిపోతాయి, కాబట్టి మే నెల ఫంక్షన్‌కి మాత్రం ఈ చొక్కా ఆలోచన మానుకోండి.

ఫంక్షన్ అయ్యాక చీరని ఆ రాత్రే మడిచి బీరువాలో పెట్టొద్దు, చెమట తడి పోయేదాకా నీడలో ఆరనివ్వండి. మరక పడితే రుద్దకుండా డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి. తర్వాత పాత గీతల మీద కాకుండా వేరే చోట మడత పెట్టి, నూలు గుడ్డలో చుట్టి దాచండి, ప్లాస్టిక్ కవర్ వద్దు. కలరా ఉండలు జరీకి తగలకుండా గుడ్డలో మూట కట్టి అరలో ఓ మూలన పెట్టండి, మూడు నాలుగు నెలలకోసారి తీసి మడత మార్చండి.