చెట్లు కోసే మిషను పది నిమిషాలకే ఆగిపోతోందా? కార్బొరేటరు విప్పకముందు చూడాల్సినవి

ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాలపురం దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి కొండల మీదికి ఎక్కింది. గులాబ్ వచ్చింది 2021 సెప్టెంబరు 26న. అంటే బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు క్లబ్బుల్లోనూ గుడి కమిటీల్లోనూ ఉన్న చెట్లు కోసే మిషన్లు ఏడాదిలో పదకొండు నెలలు మూల పడుంటాయి. తర్వాత ఒక్క రోజున తెల్లారి నుంచి చీకటి పడేదాకా ఆగకుండా నడవాలి. రిపేర్లన్నీ ఆ రోజే మీద పడతాయి.

మిషను పట్టుకోవడం, హెల్మెట్, కళ్ళద్దాలు, బూట్లు, చెట్టు మీద కరెంటు తీగ పడి ఉంటే లైన్‌మేన్ వచ్చి సరేననే వరకు దగ్గరికి పోకపోవడం ఇవన్నీ తెలిసినవాళ్ళ కోసం ఇది.

కోయడం లేదు, పొగ వస్తోంది, బారు (చెయిను తిరిగే పొడవాటి రేకు) పక్కకి పోతోంది

ఇంజను వీక్ అయిందంటారు. కాదు, చెయిను మొద్దుబారింది. పదిలో ఎనిమిది సార్లు ఇదే, పదికి పది సార్లూ చూడకుండా వదిలేసేదీ ఇదే. కింద పడే పొట్టు చూడండి. కొబ్బరి తురుములా రేకులు రేకులుగా పడుతుంటే చెయిను బాగుంది. గోధుమపిండిలా పడుతుంటే మిషను కోయడం లేదు, రుద్దుతోంది. బలమంతా పెట్టి నొక్కాల్సి వస్తోందన్నా అర్థం అదే.

గోపాలపురం నుంచి ఛత్రపురం దాకా తీరం వెంట పడిన సరుగుడు చెట్లకు బెరడు నిండా ఇసకే. తడి ఇసకలో దొర్లిన మాను మీద పెడితే కొత్త చెయిను కూడా రెండు నిమిషాల్లో చస్తుంది. కోసే చోట ముందు కత్తితో బెరడు చెక్కేయండి, లేదా బకెట్టు నీళ్ళు పోసి కడగండి. మాను కింద నేల తగలబోయే ముందే ఆపి, దొర్లించి, మిగతాది అవతలి నుంచి కోయండి. కొబ్బరి మాను పీచుతోనే పదును తింటుంది. దాన్ని కోసే రోజు రెండో చెయిను దగ్గర ఉంచుకోవాలి.

పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి. మన దగ్గర ఎక్కువగా ఉండే 58 సీసీ మిషన్ల చెయిను .325 పిచ్ (లింకుల కొలత), దానికి 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి. చిన్న మిషన్ల 3/8 లో ప్రొఫైల్ చెయినుకు 4 మిల్లీమీటర్లది. 30 డిగ్రీల కోణంలో, లోపలి నుంచి బయటికి, ఒక్కో పంటికి మూడు తోపులు. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయి పంటిని తాకకూడదు. ట్యాంకు నింపిన ప్రతిసారీ ఇది చేస్తే సాయంత్రం దాకా ఇబ్బంది ఉండదు. నాలుగైదు సార్లు పదును పెట్టాక పంటి ముందుండే మెట్టును చదును ఆకురాయితో దించాలి. పంటి అంచు కన్నా అది 0.65 మిల్లీమీటరు కిందికి ఉంటే చాలు. ఇంకా దించితే మిషను చేతిలో ఎగురుతుంది.

కోత ఎప్పుడూ ఒకే పక్కకి వంకర పోతుంటే ఎడమ పళ్ళు, కుడి పళ్ళు పొడవులో తేడా వచ్చింది. లేదా మానులో దిగిపోయిన కంచె తీగో మేకో తగిలి ఒక వరస పళ్ళు చచ్చాయి. అన్నీ సమానం అయ్యేదాకా అరగదీయడమే మందు. అప్పటికీ తగ్గకపోతే బారు అంచులు చూడండి, ఒకటి అరిగిపోయి ఉంటుంది.

పదునున్నా పొగ వస్తోందంటే చెయినుకు నూనె అందడం లేదు. బారు ముక్కును ఎండు కొబ్బరి మట్ట మీదికి జానెడు ఎత్తులో పట్టి రేసు ఇవ్వండి. సన్నటి నూనె గీత పడాలి. పడకపోతే బారు విప్పి, నూనె రంధ్రాన్ని చీపురు ఈనెతో, గాడిని పాత హాక్సా బ్లేడుతో గీకి శుభ్రం చేయండి. పెట్రోలు ట్యాంకు అయిపోయేసరికి నూనె ట్యాంకు కూడా దాదాపు అడుగంటాలి. నూనె నిండుగా మిగిలిందంటే అది బారుకు చేరలేదు.

చెయిను అసలు తిరగడం లేదా? చెయిన్ బ్రేకు వేసి ఉంది. దాన్ని వెనక్కి లాగండి. నవ్వకండి, ఇది చూడక క్లచ్చి మాడ్చేసిన మిషన్లు చాలా ఉన్నాయి.

స్టార్ట్ అవడం లేదు

స్విచ్చి చూడండి, తర్వాత పెట్రోలు చూడండి. పోయినేడాది కలిపిన పెట్రోలు అలాగే ఉంటే పారబోయండి. బేరాల్లేవు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటుంది. అది తేమను పీలుస్తుంది, తేమ ఎక్కువైతే నీళ్ళతో కలిసి అడుక్కి దిగుతుంది. ట్యాంకులో పెట్రోలు పీల్చే ఫిల్టరు ఉండేదీ అడుగునే. అనుమానం ఉంటే గాజు సీసాలో పోసి పావుగంట ఉంచండి. కింద వేరే పొర కనబడితే నమ్మొద్దు.

పెట్రోల్లో కలిపే 2టీ నూనె కొలత మిషను మీద రాసినట్టే ఉండాలి. 1:25 అయితే 5 లీటర్లకు 200 మిల్లీలీటర్లు, 1:50 అయితే 100. నలుగురు నాలుగు డబ్బాల్లో కలిపితే ఏ డబ్బాలో నూనె ఉందో ఎవరికీ గుర్తుండదు. కలిపిన డబ్బాకు ఎర్ర గుడ్డ కట్టండి. ఉత్త పెట్రోలుతో నడిస్తే పిస్టన్ పట్టేస్తుంది. ఆ తర్వాత చదవడానికి ఇందులో ఏమీ లేదు.

చోకు లాగి ఇరవై సార్లు తాడు లాగారా, పెట్రోలు వాసన గుప్పుమంటోందా? ఇంజను మునిగింది. స్విచ్చి ఆపి, ప్లగ్గు విప్పి తుడిచి, చోకు తీసేసి, రేసు పూర్తిగా నొక్కి ఏడెనిమిది సార్లు తాడు లాగండి. ఆ సమయంలో చుట్టుపక్కల బీడీ వెలగకూడదు. ప్లగ్గు గ్యాపు 0.5 మిల్లీమీటరు.

స్టార్ట్ అవుతుంది, బాగా నడుస్తుంది, పది నిమిషాలకు ఆగిపోతుంది

అందర్నీ తిప్పలు పెట్టేది ఇదే. లక్షణం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పొద్దున మొదటి తాడుకే లేస్తుంది. ఐదు నుంచి పది నిమిషాలు కమ్మగా కోస్తుంది. తర్వాత పెద్ద మానులో ఉండగా రేసు ఒక్కసారి పైకి పోయి, గుక్క తిరగనట్టు మిస్సింగ్ కొట్టి ఆగిపోతుంది. వెంటనే లాగితే లేవదు. ఓ పావుగంట పక్కన పెడితే లేస్తుంది. "వేడెక్కింది బావా, చల్లారనీ" అంటారు. చల్లారాక నిజంగానే లేస్తుంది కాబట్టి ఆ మాటే నిలబడిపోతుంది.

కారణం వేడి కాదు. ట్యాంకుకు ఊపిరి ఆడటం లేదు.

పెట్రోలు ఎంత ఖర్చయితే అంత గాలి ట్యాంకులోకి రావాలి. అందుకు ఒక చిన్న ఊపిరి రంధ్రం ఉంటుంది. గాలిని లోపలికి రానిస్తుంది, పెట్రోలును బయటికి పోనివ్వదు. అది మూసుకుపోతే ట్యాంకులో గాలి పలచబడుతుంది, కార్బొరేటరు ఎంత పీల్చినా పెట్రోలు రాదు. మిషను ఊరికే ఉన్నప్పుడు ఎక్కడి నుంచో సన్నగా గాలి చేరుతుంది, అందుకే పావుగంట తర్వాత లేస్తుంది. ఇంకో గుర్తు ఉంది: ట్యాంకు నిండా ఉన్నప్పుడు త్వరగా ఆగుతుంది, సగమున్నప్పుడు కాస్త ఎక్కువ సేపు నడుస్తుంది. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ, కొంచెం పెట్రోలు పోయినా లాగుడు గట్టిగా ఉంటుంది.

మోసం ఎక్కడుందంటే, మిషనుకు ఏం రిపేరు చేసినా ముందు మూత తీస్తాం. కార్బొరేటరు కడగాలంటే ట్యాంకు ఖాళీ చేస్తాం, ఫిల్టరు మార్చాలంటే మూతలోంచే కొక్కెం పెట్టి లాగుతాం. మూత తీయగానే గాలి లోపలికి పోతుంది, జబ్బు కాసేపు మాయమవుతుంది. ప్లగ్గు మార్చినవాడు ప్లగ్గే అంటాడు, కార్బొరేటరు కడిగినవాడు కార్బొరేటరే అంటాడు. మర్నాడు రోడ్డు మీద అదే కథ.

ఈ పరీక్షకు అర నిమిషం చాలు. మిషను ఆగిపోయిన వెంటనే స్విచ్చి ఆపి, నేల మీద నిటారుగా పెట్టి, మొహం పక్కకి తిప్పి, పెట్రోలు మూతను పావు తిప్పు మాత్రమే వదులు చేయండి. చెవి పెట్టి వినండి. స్స్‌మని గాలి లోపలికి పీల్చుకుంటే దొంగ దొరికాడు. మూత బిగించి తాడు లాగితే రెండు మూడు లాగుళ్ళకే లేస్తుంది. శబ్దం బయటికి వచ్చిందో లోపలికి పోయిందో తెలియకపోతే వాసన చూడండి. బయటికి వస్తే పెట్రోలు వాసన ముక్కుకు కొడుతుంది. ఎండలో వేడెక్కిన ట్యాంకు బయటికి ఊదడం మామూలే, దాంతో పని లేదు. అయితే ఆ ఒత్తిడికే పెట్రోలు చిమ్మవచ్చు. పావు తిప్పు అన్నది అందుకే, సైలెన్సరు ఎర్రగా కాలుతున్నప్పుడు మూత పూర్తిగా తీయకండి.

ఆ రంధ్రం ఎక్కడుంటుందనేది మోడల్‌ని బట్టి మారుతుంది. చాలా మిషన్లలో పై కవరు తీస్తే ట్యాంకు మీద, వెనక పిడి మొదట్లో, వేలి గోరంత ప్లాస్టిక్ లేదా ఇత్తడి బిరడా కనిపిస్తుంది, లేదా పొట్టి రబ్బరు గొట్టం చివర ఉంటుంది. కొన్నిట్లో మూతలోనే ఉంటుంది. దాని చుట్టూ నల్లటి ముద్ద పేరుకుని ఉంటుంది: తడి చెట్ల పొట్టు, చెయిను నూనె కలిసి తయారైన ముద్ద. చెయినుకు బండి నుంచి తీసిన పాత ఇంజనాయిల్ పోసేవాళ్ళకు ఇది రెండింతలు. మిషన్ను పక్కకి పడుకోబెట్టి బండి మీద తీసుకుపోతే పెట్రోలు లోపలి నుంచి రంధ్రంలోకి ఎక్కి, ఆరి, జిగురవుతుంది. పదకొండు నెలలు అలాగే ఉంటే రబ్బరు కూడా బిగుసుకుపోతుంది.

బాగుచేసే పద్ధతి: ముందు చుట్టూ ఉన్న ముద్దను పాత టూత్‌బ్రష్షుతో తుడవండి, లేకపోతే బిరడా తీయగానే అదంతా ట్యాంకులో పడుతుంది. బిరడా తీసి కొంచెం పెట్రోల్లో పది నిమిషాలు నానబెట్టి, కడిగి, ఆరనివ్వండి. సైకిల్ పంపుతో మెల్లిగా ఊదండి. పంచర్ షాపు కంప్రెసర్ పెట్టొద్దు, లోపలి సన్నటి రబ్బరు నాలుక చిరిగిపోతుంది. బయటి వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ట్యాంకు వైపు నుంచి ఊదితే పోకూడదు. రెండు వైపులా పోకపోయినా, రెండు వైపులా పోయినా కొత్తది వేయండి. పెద్ద ఖరీదేం కాదు, సెప్టెంబరులోనే రెండు కొని టూల్ డబ్బాలో పడేయండి.

సూదితో పొడిచి రంధ్రం పెద్దది చేసేవాళ్ళున్నారు. మూతకు డ్రిల్లు వేసేవాళ్ళూ ఉన్నారు. రెండూ చేయొద్దు. కొమ్మ కోయడానికి మిషన్ను పక్కకి వంచగానే పెట్రోలు కారి సైలెన్సరు మీద పడుతుంది. మూత వదులుగా పెట్టి నడపడమూ ఇంతే ప్రమాదం. స్పేర్ లేదు, రోడ్డు తెరవాలి అంటే సగం ట్యాంకే పోసుకోండి, ఐదు నిమిషాలకోసారి మిషను ఆపి, కాస్త చల్లారాక మూత పావు తిప్పి మళ్ళీ బిగించండి.

దీన్ని వదిలేస్తే నష్టం పెద్దది. ఆగే ముందు రేసు పైకి పోతుందన్నానే, పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైన రేసు అది. నూనె వచ్చేది ఆ పెట్రోలుతోనే కాబట్టి సిలిండర్ ఆ కాసేపూ ఎండిపోయి నడుస్తుంది. రోజుకు పది సార్లు అలా జరిగితే పిస్టన్ గీతలు పడుతుంది. ఇంకోటి, ఆగిపోతోందని ఎవరో కార్బొరేటరు మీద పెట్రోలు పాళ్ళు మార్చే హెచ్ స్క్రూ తిప్పేసి ఉంటారు. ఊపిరి సరిచేశాక మిషను పొగ కక్కి, రేసు అందక బొంగురుపోతే స్క్రూను కంపెనీ కొలతకు తేవాలి.

మూత వదిలినా గాలి పీల్చుకోలేదు, అయినా ఆగిపోతోందంటే ట్యాంకు లోపలి ఫిల్టరు మార్చండి. అదీ కాకపోతే ఆగిన క్షణంలోనే ప్లగ్గు విప్పి స్పార్కు చూడండి. వేడి మీద లేకుండా, చల్లారాక వస్తుంటే కాయిలు పోయింది.

బారు మానులో ఇరుక్కుంది

మిషను తప్పేమీ లేదు, చెట్టు బరువు ఎటుందో చూడకుండా కోశారు. రోడ్డుకు అడ్డంగా పడి, అటు వేరు దుబ్బు మీద, ఇటు కొమ్మల మీద ఆనిన మానుకు పై వైపు నొక్కుడు ఉంటుంది. పైనుంచి మూడో వంతు మాత్రమే కోసి, మిగతాది కింది నుంచి పైకి కోయండి. ఒక చివర గాల్లో ఉన్న మానుకు ఇది తిరగేసి: ముందు కింద మూడో వంతు, తర్వాత పైనుంచి. కోత తెరుచుకుని ఉండటానికి గట్టి కర్రతో చెక్కిన సీల కొట్టండి, ఇనపది వద్దు. విల్లులా వంగిన సరుగుడు కర్రను ఒక్క వేటున తెంచకండి, లోపలి వంపు వైపు కొంచెం కొంచెంగా గీకి బలం చావనివ్వండి.

ఇరుక్కున్నాక లాగకండి, ఊపకండి. ఇంజను ఆపి గునపంతో మాను ఎత్తి చూడండి. రాకపోతే బారు నట్లు విప్పి, బారునూ చెయినునూ మానులోనే వదిలేసి ఇంజను తీసుకోండి. స్పేర్ బారు, చెయిను బిగించి అడుగు దూరంలో కోసి విడిపించుకోవచ్చు.

వేళ్ళతో సహా లేచిన చెట్టును మొదట్లో కోస్తే దుబ్బు తిరిగి గుంటలో కూర్చుంటుంది. చింత, నిద్రగన్నేరు లాంటివాటి దుబ్బులు ఎడ్లబండి కన్నా బరువు. గుంటలో తొంగిచూసే పిల్లల్ని పంపించేసి, ఒక మనిషిని అక్కడ కాపలా పెట్టాకే కోయండి.

మిగతావి

కార్బొరేటరు డయాఫ్రమ్ బిగుసుకుపోవడం, ఇన్‌టేక్ రబ్బరు పగలడం, క్రాంక్ సీలు కారడం కూడా జరుగుతాయి, తక్కువ. స్లో స్పీడులో రేసు దానంతట అదే పైకి పోతూ దిగుతూ ఉంటే ఇవి అనుమానించండి. సీలు మార్చడం రోడ్డు పక్కన అయ్యే పని కాదు. ఆ మిషన్ను పక్కన పెట్టి, దాని బారునూ చెయినునూ ఇంకో మిషనుకు స్పేరుగా వాడుకోండి.